విండోస్ మార్చాక డీవీడీ రావడం లేదా? డిస్క్ పారేసేముందు ఇవి చూడండి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే చెన్నై సైదాపేట నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏరా, సిస్టమ్‌లో అక్క పెళ్లి డీవీడీ రావడం లేదు. అసలు సీడీ బొమ్మే కనిపించడం లేదు. పిల్లాడు ఏదో పదకొండు వేశాడంట, అప్పట్నించీ ఇంతే. డిస్క్ పాడైపోయిందంటావా?" ఆమె కంగారు ఎందుకో నాకు తెలుసు. 2015 డిసెంబరు వరదలో అడయారు నీళ్లు వాళ్లింట్లోకి వచ్చినప్పుడు పెళ్లి ఆల్బమ్ తడిసి ముద్దయింది, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అటక మీద పెట్టిన మూడు డీవీడీలు మాత్రం మిగిలాయి. పెదనాన్న ఇప్పుడు లేరు, ఆయన నడుస్తూ మాట్లాడుతూ కనిపించాలంటే ఆ మూడింట్లోనే.

అందుకే ముందుగా ఒక మాట. నిన్నటిదాకా ప్లే అయిన డిస్క్ విండోస్ మార్చిన మర్నాడు ఆగిపోయిందంటే చాలావరకు తప్పు డిస్క్‌ది కాదు. విండోస్ మారినంత మాత్రాన డిస్క్ మీద ఉన్నది చెరిగిపోదు. డిస్క్‌ని పారేయకండి, టూత్‌పేస్ట్ రాసి రుద్దకండి, డ్రైవ్ పోయిందనుకుని వెంటనే కొత్తది కొనకండి. నాలుగు ప్రశ్నలు వరసగా వేసుకోండి: కంప్యూటర్‌కి డ్రైవ్ కనిపిస్తోందా, డ్రైవ్‌కి డిస్క్ కనిపిస్తోందా, డిస్క్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయా, ఆ ఫైళ్లని ఆడించే ప్లేయర్ ఉందా. ఈ వరస తప్పితే గంటలు గంటలు పోతాయి. డ్రైవే కనిపించని కంప్యూటర్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఐదు ప్లేయర్లు ఇన్‌స్టాల్ చేసినవాళ్లని చూశాను.

అయితే నాలుగో ప్రశ్న గురించే ముందు చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఇరుక్కునేది అక్కడే, సరిచేయడానికి పది నిమిషాలు చాలు. విండోస్ 7లో హోమ్ ప్రీమియం నుంచి పై ఎడిషన్లలో డీవీడీ సినిమా చూసే ఏర్పాటు విండోస్‌తోనే వచ్చేది. విండోస్ 8 నుంచి దాన్ని తీసేశారు. డీవీడీలో వీడియో ఉండేది ఎంపెగ్-2 పద్ధతిలో, దాన్ని విప్పే డీకోడర్‌కి అప్పట్లో ప్రతి కంప్యూటర్ లెక్కన లైసెన్సు డబ్బు కట్టాల్సి వచ్చేది, అదే సమయంలో డ్రైవ్ లేని ల్యాప్‌టాప్‌లు పెరిగాయి. 2015 జులైలో విండోస్ 10 వచ్చేసరికి డీవీడీ ఆడించే మీడియా సెంటర్ ప్రోగ్రాము కూడా పోయింది. ఇక 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోవడంతో ఇళ్లలో ఉన్న కంప్యూటర్లు చాలా 11కి మారాయి. 11లో ఉండే మీడియా ప్లేయర్ పాటల సీడీ ఆడిస్తుంది గానీ సినిమా డీవీడీ ఆడించదు. అది మీ కంప్యూటర్‌లో వచ్చిన లోపం కాదు, విండోస్ అలాగే వస్తోంది.

దీనికి నేను అందరికీ చెప్పేది వీఎల్‌సీ, నారింజ రంగు ట్రాఫిక్ కోన్ బొమ్మ ఉంటుందే, అది. ఉచితం, డీకోడర్లన్నీ తనలోనే పెట్టుకుని వస్తుంది కాబట్టి విండోస్‌లో ఏముంది ఏం లేదు అన్నదానితో పెద్దగా సంబంధం ఉండదు. దాన్ని తయారుచేసే వీడియోలాన్ సొంత సైట్ నుంచే దించుకోండి. 2022లో కొన్ని నెలలు ఆ సైట్ మన దేశంలో తెరుచుకోలేదు, ఆ ఏడాది నవంబరులో మళ్లీ తెరిచారు. ఆ మధ్యలో వేరే ఎక్కడెక్కడి నుంచో దించుకోవడం అలవాటైనవాళ్లు ఉన్నారు, ఆ అలవాటు మానేయండి, అలాంటి చోట్ల ప్లేయర్‌తో పాటు అక్కర్లేని చెత్త కూడా లోపలికి వస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక డిస్క్ మీద డబుల్ క్లిక్ చేసి ఏమీ రాలేదని ఆగిపోవద్దు. వీఎల్‌సీ తెరిచి మీడియా మెనూలో ఓపెన్ డిస్క్ నొక్కండి, డీవీడీ ఎంచుకోండి, కింద చూపించే డ్రైవ్ అక్షరం మీదేనా కాదా చూసుకుని ప్లే కొట్టండి. పెళ్లి డీవీడీల్లో వీడియోవాళ్లు పెట్టే మెనూ, అదే రోజా పూలు తిరుగుతూ పేర్లు వచ్చే పేజీ, ఒక్కోసారి అక్కడే బిగుసుకుపోతుంది. అప్పుడు వీఎల్‌సీ ఓపెన్ డిస్క్ పేజీలో ఉన్న నో డిస్క్ మెనూస్ అన్నదాని మీద టిక్ పెడితే నేరుగా వీడియో మొదలవుతుంది. మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే కంగారుపడొద్దు, అప్పటి కెమెరాలు తీసే పద్ధతే అంత, కీబోర్డు మీద డి నొక్కితే డీఇంటర్‌లేస్ ఆన్ అయి గీతలు పోతాయి.

మాటలు వినిపిస్తూ బొమ్మ నల్లగా ఉంటే డిస్క్‌ని అనుమానించకండి. డివైస్ మేనేజర్‌లో (స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే కనిపిస్తుంది) డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే, విండోస్ మారినప్పుడు మీ గ్రాఫిక్స్ డ్రైవర్ పోయిందని అర్థం, మదర్‌బోర్డు లేదా గ్రాఫిక్స్ కార్డు కంపెనీ సైట్ నుంచి సరైనది వేయాలి. అది సరిగానే ఉంటే వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ పేజీకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ని డిజేబుల్ చేసి చూడండి. బొమ్మ ఉండి శబ్దం లేకపోతే ఇంకా తేలిక: విండోస్ మారాక శబ్దం స్పీకర్లకి కాకుండా హెచ్‌డీఎంఐ కేబుల్ మీదుగా మానిటర్‌కి పోతూ ఉంటుంది, కింద కుడివైపు స్పీకర్ బొమ్మ దగ్గర మార్చుకోవాలి.

పెద్దమ్మ వాళ్లింట్లో మాత్రం సమస్య ఇది కాదు. నేను వెళ్లేసరికి దిస్ పీసీలో డ్రైవే లేదు. అంటే మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఇలాంటప్పుడు డ్రైవ్ ముందున్న బటన్ నొక్కండి. ట్రే బయటికి వచ్చిందంటే కరెంటు అందుతోంది. రాలేదంటే క్యాబినెట్ విప్పి పవర్ కేబుల్, డ్రైవ్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ తీసి మళ్లీ గట్టిగా గుచ్చండి (ప్లగ్ తీసేశాకే విప్పాలి, ఈ మాట తేలిగ్గా తీసుకోకండి). ట్రే వస్తోంది కానీ విండోస్‌లో లేదు అంటే బయాస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల పేజీ) వెళ్లి అక్కడ డ్రైవ్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. అక్కడా లేకపోతే కేబులో డ్రైవో. అక్కడ ఉండి విండోస్‌లో లేకపోతే తప్పు విండోస్ వైపే. ఇంకా అనుమానం తీరకపోతే పెన్ డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్) వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి చూడండి. నాకు ఈ పద్ధతి మీద చాలా నమ్మకం, ఎందుకంటే ఉబుంటులో డిస్క్ తెరుచుకుంటే ఇక డ్రైవ్ మంచిదా చెడ్డదా అన్న వాదనే ఉండదు.

విండోస్ వైపు తప్పయితే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డీవీడీ, సీడీ-రామ్ డ్రైవ్స్ అన్న వరస కింద మీ డ్రైవ్ పక్కన పసుపు త్రికోణం ఉందా చూడండి. ఉంటే దాని మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్ డివైస్, తర్వాత కంప్యూటర్ రీస్టార్ట్. విండోస్ డ్రైవ్‌ని మళ్లీ తనే వెతుక్కుని తన డ్రైవర్ వేసుకుంటుంది, సీడీ డ్రైవ్‌కి విడిగా డ్రైవర్ కొనడం, దించుకోవడం అనేది ఉండదు. అలా దించుకోమని చెప్పే ప్రోగ్రాములు ఏవైనా సరే దూరంగా ఉండండి. త్రికోణం లేదు, డ్రైవ్ పేరు బాగానే ఉంది, కానీ దిస్ పీసీలో మాత్రం లేదు అంటే డ్రైవ్ అక్షరం పోయి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కింద సీడీ-రామ్ అని ఉన్న గడి మీద రైట్ క్లిక్ చేసి ఒక అక్షరం ఇస్తే సరిపోతుంది.

మా వాళ్ల కంప్యూటర్‌లో త్రికోణం ఉంది, రీస్టార్ట్ చేసినా పోలేదు. ప్రాపర్టీస్‌లో చూస్తే కోడ్ 39 అని ఉంది. కోడ్ 19, 31, 32, 37, 39, 41, వీటిలో ఏది కనిపించినా నేను ముందు అనుమానించేది పాత సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్‌ని. ఒకప్పుడు డ్రైవ్ కొంటే దాంతో పాటు డబ్బాలో ఒక సీడీ వచ్చేది, అందులో బర్న్ చేసే ప్రోగ్రాము, ఒక ప్లేయర్ ఉండేవి. ఆ ప్రోగ్రాములు డ్రైవ్‌కీ విండోస్‌కీ మధ్యలో తమ సొంత ఫిల్టర్ డ్రైవర్ ఒకటి పెడతాయి, వీధి కొళాయికి ఇంట్లో బిందెకి మధ్యలో వడపోత గుడ్డ కట్టినట్టు. విండోస్ మారాక ఆ పాత ఫిల్టర్ లోడ్ అవదు, కొత్త విండోస్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది, అది కూడా ఇలాంటి పాత డ్రైవర్లని ఆపేస్తుంది. మధ్యలో ఉన్నది లోడ్ కాకపోతే దాని వెనకున్న డ్రైవ్ కూడా విండోస్‌కి అందదు. ఆ రక్షణని ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు, నేను ఒప్పుకోను. పాత ప్రోగ్రాముని తీసేయడమే సరైన పని. సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో వెతికి తీసేసి రీస్టార్ట్ చేయండి.

దాంతోనూ రాకపోతే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రెజిస్ట్రీలోకి వెళ్లాలి. ఇక్కడ తొందరపడకండి, ఇంట్లో ఎవరైనా మాట్లాడిస్తుంటే కాసేపు ఆగమని చెప్పండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అన్న వరసలో లోపలికి వెళ్తే పొడుగాటి అంకెలు, అక్షరాలు కలిసిన పేర్లతో చాలా ఫోల్డర్లు కనిపిస్తాయి. మనకి కావలసింది 4డీ36ఈ965తో మొదలయ్యేది. దాని దగ్గర్లోనే చివరి అంకె 5 బదులు 7 ఉన్నది ఇంకొకటి ఉంటుంది, అది హార్డ్ డిస్క్‌లది, అక్కడ చెయ్యి పెడితే కంప్యూటర్ బూట్ కూడా అవకపోవచ్చు. అందుకే ఫోల్డర్ తెరిచాక కుడివైపు క్లాస్ అన్న వరసలో సీడీరామ్ అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే ముందు ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ కొట్టి ఒక కాపీ దాచుకోండి. తర్వాత కుడివైపున అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అన్న పేర్లు ఉంటే ఆ రెండింటినే డిలీట్ చేయండి, ఇంకేదీ ముట్టుకోకండి. రీస్టార్ట్.

మా వాళ్లింట్లో లోయర్‌ఫిల్టర్స్ లేదు, అప్పర్‌ఫిల్టర్స్ ఒక్కటే ఉంది. అది తీసి రీస్టార్ట్ చేశాక డ్రైవ్ బొమ్మ తిరిగి వచ్చింది. "ఇదే కదా నేను చెప్పింది, సీడీ బొమ్మ" అని పెద్దమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించింది.

యూఎస్‌బీతో పెట్టే బయటి డ్రైవ్ అయితే దారి కాస్త వేరు. డిస్క్ తిరగడం మొదలుపెట్టినప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావాలి, యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీఆంపియర్లు, 3 అయితే 900. క్యాబినెట్ ముందు పోర్టుకో, హబ్‌కో గుచ్చితే టక్ టక్ మని కొట్టుకుంటూ ఉంటుంది తప్ప డిస్క్ చదవదు. వెనక పోర్టుకి నేరుగా గుచ్చండి, రెండు మూతులున్న వై కేబుల్ వచ్చి ఉంటే రెండూ గుచ్చండి. విండోస్ మారినప్పుడు కరెంటు పొదుపు సెట్టింగులు కూడా మొదటికి వచ్చేస్తాయి కాబట్టి, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఉండే టిక్ తీసేస్తే మధ్యమధ్యలో డ్రైవ్ మాయమవడం ఆగుతుంది.

రెండో ప్రశ్న, డ్రైవ్‌కి డిస్క్ కనిపిస్తోందా. ఇక్కడ ఒక డిస్క్‌తో తీర్పు చెప్పొద్దు, మూడు రకాలు పెట్టి చూడండి: ఒక పాటల సీడీ, షాపులో కొన్న ఒక సినిమా డీవీడీ, ఇంట్లో లేదా స్టూడియోలో రాసిన ఒక డీవీడీ. సీడీని చదివే లేజర్ కాంతి 780 నానోమీటర్లు, డీవీడీని చదివేది 650, కాబట్టి సీడీలు బాగా వచ్చి డీవీడీలు ఏవీ రాకపోతే ఆ డ్రైవ్‌లో డీవీడీ లేజర్ నీరసించిందని అనుకోవచ్చు. కొన్న డీవీడీ వచ్చి రాసిన డీవీడీ రాకపోతే, రాసినవాటి నుంచి కాంతి తక్కువగా తిరిగొస్తుంది కాబట్టి ముసలి డ్రైవ్‌కి అవి కష్టం, లేదా ఆ డిస్క్‌ని ఫైనలైజ్ చేయకుండా, అంటే రాయడం అయిపోయాక ముగింపు పలకకుండా వదిలేసి ఉంటారు. చిన్న డీవీడీలు పట్టే హ్యాండీక్యామ్‌లలో తీసినవి చాలా ఇలా ఉంటాయి. అలాంటి డిస్క్ పెడితే విండోస్ దాన్ని ఖాళీ డిస్క్ అనుకుని, ఏం రాయమంటారు అని అడుగుతుంది. దయచేసి అక్కడ సరే అనకండి, క్యాన్సిల్ కొట్టి ఆ కెమెరాలోనే ఫైనలైజ్ చేయించండి.

డిస్క్ తుడిచేటప్పుడు మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడిన గీత ఒకే ట్రాక్ వెంట పోతుంది, అంత పొడవున పోయినదాన్ని డ్రైవ్ సరిదిద్దుకోలేదు. మద్రాసు గాలిలో తేమకి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన డిస్క్‌ల మీద తెల్లగా బూజు పడుతుంది, కొద్దిగా సబ్బు నీళ్లు, తర్వాత మంచినీళ్లు, బాగా ఆరాక పెట్టండి. సీడీ అయితే పేరు రాసిన పైవైపు కూడా జాగ్రత్త, సమాచారం ఉన్న పొర ఆ పేరు కిందే పలచగా ఉంటుంది, బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే అక్కడే దెబ్బతింటుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన డీవీడీ ఒక్కటే రావడం లేదంటే అది రీజియన్ గొడవ. మనది 5, అమెరికాది 1, అట్ట వెనక భూగోళం బొమ్మలో అంకె ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డీవీడీ రీజియన్ పేజీ ఉంటుంది, అక్కడ మార్చుకోవచ్చు కానీ మొత్తం ఐదుసార్లే, ఐదోసారి పెట్టినదే ఇక శాశ్వతం. ఒక్క సినిమా కోసం మార్చొద్దని నా సలహా, వీఎల్‌సీ చాలాసార్లు మార్చకుండానే ఆడిస్తుంది. బ్లూ-రే సంగతి వేరు, దానికి విండోస్‌లో ఏ ఏర్పాటూ లేదు, డబ్బు పెట్టి ప్లేయర్ కొనాలి.

ఇక మూడో ప్రశ్న, డిస్క్‌లో ఫైళ్లు కనిపిస్తున్నాయా. పాత వీసీడీలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, 28 రూపాయలకి సినిమా వీసీడీ వచ్చిన రోజుల్లో కొన్నవి. వాటిని పెడితే ఏమీ జరగదు, డిస్క్‌ని తెరిచి ఎంపెగ్ఏవీ అన్న ఫోల్డర్‌లో ఉన్న డీఏటీ ఫైలుని వీఎల్‌సీలోకి లాగండి, వచ్చేస్తుంది. బొమ్మ మసకగా ఉంటుంది, దానిలో ఉన్నదే 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. పాటల సీడీలో కనిపించే సీడీఏ ఫైళ్లని మాత్రం కాపీ చేసి పెట్టుకున్నాం అనుకోవద్దు, ఒక్కోటి 1 కేబీ ఉండే గుర్తులు తప్ప వాటిలో పాట ఉండదు. మీడియా ప్లేయర్‌లో రిప్ సీడీ నొక్కితేనే పాట నిజంగా కంప్యూటర్‌లోకి వస్తుంది.

ఇక ఒకసారి డిస్క్ తెరుచుకుంది అంటే, చూడటం తర్వాత, ముందు కాపీ చేయండి. సొంత పెళ్లి, బారసాల డీవీడీలకి తాళాలేమీ ఉండవు. వీడియో_టీఎస్ అన్న ఫోల్డర్‌ని మొత్తంగా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తే చాలు, లోపల 1 జీబీ లోపు ముక్కలుగా వీఓబీ ఫైళ్లు ఉంటాయి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ, మూడు డిస్క్‌లయినా 32 జీబీ పెన్ డ్రైవ్‌లో ఖాళీగా కూర్చుంటాయి. ఫోన్లో పంపాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాముతో ఎంపీ4 చేయండి, కానీ అసలు వీఓబీ ఫైళ్లని తీసేయకండి, ఎంపీ4 చేసేటప్పుడు కొంత నాణ్యత పోతుంది.

మా వాళ్ల మొదటి డిస్క్, మూడో డిస్క్ ఇబ్బంది లేకుండా వచ్చాయి. రెండోది, తలంబ్రాల దగ్గర, కాపీ ఆగిపోయింది. తుడిచినా అంతే. నేను చేసింది ఏమిటంటే, ఇంకో డ్రైవ్‌లో పెట్టాను. ఒక డ్రైవ్ చదవలేని చోటు ఇంకో డ్రైవ్ చదవగలదు, ఒక్కో డ్రైవ్ లేజర్ ఒక్కోలా ఉంటుంది, ఇది చాలామందికి తెలియక డిస్క్ మీద ఆశ వదిలేసుకుంటారు. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో పాత సామాను అమ్మే షాపుకి డిస్క్ పట్టుకెళ్లి, అక్కడే పెట్టి చూపించమని అడిగితే కాదనరు. మూడో డ్రైవ్‌లో చదివింది, దాన్నే కొన్నాను. అక్కడా రాకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉంది, చదవగలిగినంత ముందు తీసేసి, మిగిలిన చోట్ల మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, రాత్రి పెట్టి పడుకోవాలి.

కాపీ అయ్యాక ఫైలు సైజు చూసి సరిపెట్టుకోకుండా ప్రతి వీఓబీనీ తెరిచి మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట ఆడించి చూడండి. నేను అలా చూస్తుంటే రెండో డిస్క్ చివర్లో, అప్పగింతలు అయ్యాక, పెదనాన్న కెమెరావాణ్ణి పిలిచి భోంచేసి వెళ్లమని చెప్పే ముక్క ఒకటి వచ్చింది. పెద్దమ్మ అక్కడ ఆపమంది. ఆ పెన్ డ్రైవ్‌కి ఇంకో కాపీ చేసి అక్కకి ఇచ్చాను, డిస్క్‌లు మళ్లీ అటక మీదకే వెళ్లాయి, ఈసారి ఒక్కోటి ఒక్కో గట్టి డబ్బాలో, నిలబెట్టి.